పద్నాలుగు చేపలు

లింగం పనిచేసే కంపెనీలో చేపలకు కూడా డ్యూటీ ఉండేది.

గడ్డపోతారం దగ్గరి ఆ కంపెనీలో మందులకు కావలసిన ముడిసరుకు తయారవుతుంది. పనికి వాడిన నీళ్లన్నీ వెనకవైపున్న శుద్ధి ప్లాంటుకు వస్తాయి. అక్కడ వాటికి సున్నం కలిపి, గాలి కొట్టించి, మడ్డి పేరనిచ్చి, ఒక్కో తొట్టి దాటించి, చిట్టచివర ఒక చిన్న సిమెంటు తొట్టిలోకి వదులుతారు. ఆ తొట్టిలో ఎప్పుడూ చేపలు తిరుగుతూ ఉండాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అక్కడికే వస్తారు. చేపలు బతికి ఉన్నాయంటే నీళ్లు బాగున్నట్టు. లింగం ఆ ప్లాంటులో ఆపరేటర్. మోటార్లు నడపడం, గంటగంటకూ నీళ్ల పీహెచ్ చూసి పుస్తకంలో రాయడం అతని పని. చేపలు వెల్లకిలా తేలినప్పుడు చిన్న వలతో తీసేసి, మూల డ్రమ్ములో పెట్టి ఉంచిన బొచ్చె చేపపిల్లల్ని కొత్తగా వదలడం కూడా అతని పనే.

మొదట్లో ఈ సంగతి ఇంట్లో చెప్పి నవ్వేవాడు.

"ఇయ్యాల ఇరవై మంది రిటైరయిండ్రు. మల్ల ఇరవై మందిని పెట్టుకున్నం."

"పింఛనిచ్చిండ్రా మరి?" అనేది అతని భార్య యాదమ్మ, చేటలో బియ్యం మీంచి తలెత్తకుండానే.

అది వాళ్ల ఇంట్లో మాటలు ఉన్న కాలం. 1997 దసరా వెళ్లిన వారానికి యాదమ్మ బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయింది. కొట్లాట ఏమీ జరగలేదు. పోవడానికి కారణం నీళ్లు.

లింగం తండ్రి నాగయ్య బతికున్నప్పుడు పెరట్లో బోరు వేయించాడు. నీళ్లు పడిన రోజున ఆ వీధి వాళ్లందరికీ బెల్లం పంచాడు. కొన్నేళ్లు ఆ నీళ్లే తాగారు. చుట్టూ కంపెనీలు లేచాక బిందె అడుగున పసుప్పచ్చని పొర కట్టడం మొదలైంది. పప్పు ఎంతసేపు పెట్టినా ఉడికేది కాదు. తాగడానికి ట్యాంకర్ వస్తే పట్టుకునేవారు. స్నానానికీ బట్టలకూ గిన్నెలకూ మాత్రం బోరే దిక్కు. ఉన్న రెండెకరాల్లో వరి వేయడం మానేసి గడ్డి పెంచారు. తర్వాత గడ్డి పెంచడం కూడా మానేశారు.

బిడ్డ పేరు మంజుల. నాలుగేళ్లు దాటాక దాని మోకాళ్ల వెనక మడతల్లో, మోచేతుల లోపల దద్దుర్లు లేవడం మొదలైంది. నిద్రలోనే గీరుకునేది. తెల్లారేసరికి పక్కబట్ట మీద సన్నని ఎర్రటి చారలు. పటాన్‌చెరు డాక్టరు మందు ట్యూబు రాసిచ్చాడు. ట్యూబు రాసినన్నాళ్లు తగ్గి, ఆపగానే లేచేవి. యాదమ్మ పుట్టిల్లు జోగిపేట అవతల. అక్కడికి తీసుకుపోతే పది రోజుల్లో చర్మం నున్నగా అయ్యేది. తీసుకొచ్చిన వారానికి మళ్లీ మొదలు.

లింగం సంగారెడ్డిలో ఇంటర్ బైపీసీ చదివి, ఫిజిక్స్ తప్పి ఆగిపోయినవాడు. చదువు ఆగినా కారణం వెతికే అలవాటు ఆగలేదు. నీళ్లా, సబ్బా, గాలా, లేక తన బట్టలా? డ్యూటీ నుంచి రాగానే బిడ్డను ఎత్తుకునేవాడు. ప్లాంటులో ఏ దుమ్ము అంటించుకుని వచ్చి బిడ్డకు పూస్తున్నానో అని ఒకనాడు అనుమానం వచ్చింది. ఆ రోజు నుంచి కంపెనీలోనే స్నానం చేసి, వేరే చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. సబ్బు మార్చాడు. పరుపు ఎండేశాడు. దద్దుర్లు తగ్గలేదు. మూడోసారి పుట్టింటికి పోయిన యాదమ్మ ఇక రాలేదు. బస్సెక్కేటప్పుడు ఒక్క మాట అంది.

"నీ మీద కోపమేం లేదు. బిడ్డ గోకుతుంటే సూస్త కూసునుడు నా తోని అయితలేదు."

ఆ డిసెంబరులో షిఫ్టు కెమిస్టు బాపిరాజుకు విశాఖపట్నంలో ఉద్యోగం దొరికింది. భీమవరం వైపు మనిషి, పెళ్లి కాలేదు. పటాన్‌చెరులో కిరాయి గదిలో అక్వేరియం పెట్టుకుని ఉండేవాడు. వెళ్లేముందు లింగాన్ని పిలిచాడు.

"ఏవయ్యా లింగం, ఒక్కడివే ఉంటున్నావంట కదా. ఇంట్లో కదిలేదేదైనా ఒకటి ఉండాలయ్యా. ఇది పట్టుకుపో."

"నాకెందుకు సార్ ఇసొంటియి. సంపుకుంట."

"కంపెనీలో చంపిన చేపలకి ఇక్కడ పుణ్యం చేసుకో" అని బాపిరాజు నవ్వాడు.

మూడడుగుల గాజుతొట్టి. అందులో చిన్నవి పన్నెండు, రెక్కలవి రెండు. చిన్నవాటిని నియాన్లు అంటారు. అగ్గిపుల్లలో సగం ఉంటాయి, ఒంటి మీద నీలం గీత మెరుస్తుంటుంది. రెక్కలవి ఏంజెల్ చేపలు. పలచగా, బిళ్లల్లా, పైకీ కిందికీ సాగిన రెక్కలతో, నల్లటి నిలువు పట్టీలతో ఉంటాయి. అప్పటికి వాటి ఒళ్లు అర్ధరూపాయి బిళ్లంతే. బోరు నీళ్లు తిన్నగా పోయకూడదనీ, డ్రమ్ములో మూడు రోజులు నిలవబెట్టి, బొగ్గు డబ్బాలో వడగట్టి పోయాలనీ, ఎప్పుడూ నీళ్లన్నీ ఒకేసారి మార్చకూడదనీ బాపిరాజు చెప్పాడు. లింగం ఒక్కొక్కటీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నీళ్లకు చేసే మర్యాద అతనికి కొత్త కాదు.

జనవరి చివర ఊళ్లో రేషను కార్డులు కొత్తగా రాస్తున్నారని, మనుషులు కనబడాలని యాదమ్మ బిడ్డను తీసుకుని వచ్చింది. మంజుల గుమ్మంలోనే ఆగిపోయి తొట్టి వైపు చూసింది. యాదమ్మ చూసి ముందు అడిగిన మాట చేపల గురించి కాదు.

"నీళ్లేడియి?"

"మన బోరుయే."

"ఎన్నొద్దులాయె?"

"నెలన్నర. ఒక్కటి గూడ సావలే."

యాదమ్మ చాలాసేపు తొట్టి ముందు నిలబడింది. పుట్టింట్లో మూడు నెలలు ఉండి వచ్చిన మనిషి. అన్న మంచివాడే. వదిన పేరు పెట్టి ఏమీ అనదు. గిన్నెలు మాత్రం గట్టిగా దించుతుంది.

"మీ కంపెనీల తీర్గ సచ్చినయి తీసి కొత్తయి ఏస్తున్నవేమో. నాకేమెర్క."

"బిడ్డ మీద..."

"బిడ్డ మీద ఒట్లు వెట్టకు. లెక్కవెట్టు మంజులా."

మంజుల గాజుకు ముక్కు ఆనించి లెక్కపెట్టింది. రెండుసార్లు తప్పిపోయి మూడోసారి తేల్చింది. "చిన్నయి పన్నెండు. రెక్కలయి రెండు. పద్నాలుగు నాయినా."

"ఇగ ఇను" అంది యాదమ్మ, మాట నవ్వుతూనే మొదలుపెట్టింది గానీ చివరికి నవ్వు మిగల్లేదు. "జూన్ల బడి తెరుస్తరు. బిడ్డకు ఒకటో తరగతి పేరు రాయాలె. ఈడ్నో ఆడ్నో. అప్పటిదాంక ఈ పద్నాలుగు గిట్లనే బతికుంటే, బిడ్డ గూడ బతుకుతదని నమ్మి వస్త. ఒక్కటి తక్కువైనా ఆడ్నే రాయిస్త. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న."

ఆ రోజు నుంచి లింగానికి రెండు డ్యూటీలు.

షిఫ్టు దిగి ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా లెక్కపెట్టేవాడు. పద్నాలుగు. తర్వాతే పొయ్యి వెలిగించేవాడు. పొద్దున వండిన అన్నమే మాపటికి కూడా. పచ్చడో, పెరుగో. తిండి మీద ధ్యాస లేకపోయినా చేపల తిండి మాత్రం తప్పేది కాదు. చెరువు దిక్కు పోయి రాళ్లు తిరగేసి ఎర్రలు తెచ్చి, కడిగి, సన్నగా కోసి వేసేవాడు. ఏంజెల్ చేపలు ముందుగా వచ్చేవి. కొన్నాళ్లకు అతని వేళ్ల మధ్యనుంచే అందుకోవడం నేర్చాయి. అతను గదిలో ఏ మూలకు నడిస్తే ఆ మూలకు గాజు వెంట తిరిగేవి. ఇంట్లో తన వైపు మొహం తిప్పేవి అవి రెండే. వాటితో మాట్లాడేవాడు. కంపెనీలో ఫోర్‌మన్ ఏమన్నాడో, క్యాంటీన్‌లో సాంబారు ఎట్లా ఉందో చెప్పేవాడు. మధ్యాహ్నం కరెంటు పోయి గాలి మోటారు ఆగినప్పుడు ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేది. అప్పుడు తన మాట తనకే వినబడి సిగ్గేసి ఊరుకునేవాడు.

ప్రతి ఆదివారం కంపెనీ గేటు ముందున్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. అత్తగారి ఊళ్లో మొగులయ్య కిరాణా కొట్టులో ఒక్క ఫోన్ ఉంది. మొగులయ్య కేకేసి పిలిపించేదాకా ఆగి మళ్లీ చేయాలి. యాదమ్మ రెండు మాటలు మాట్లాడి బిడ్డకు ఇచ్చేది.

"నాయినా, పద్నాలుగున్నయా?"

"ఉన్నయి బిడ్డా."

"వాటికియ్యి, మాట్లాడ్త."

లింగం నిజంగానే చేపలకు ఇస్తున్నట్టు రిసీవర్ దూరంగా పట్టుకుని, "నీళ్లల్లుంటె ఇనవడది బిడ్డా" అనేవాడు.

మార్చి రెండో వారంలో ఒకరోజు పదమూడు వచ్చాయి. చేపలు కదులుతుంటాయి కదా, తప్పు లెక్క అనుకున్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. నియాన్లు పదకొండే. తొట్టి వెనక, బల్ల కింద, చీపురు పెట్టి ఊడ్చాడు. ఎగిరి బయటపడిందేమోనని గోడ మూలల్లో టార్చి వేసి వెతికాడు. తొట్టి అడుగున గులకరాళ్లు పక్కకు జరిపాడు. బొగ్గు డబ్బా విప్పాడు. చేప లేదు, ముల్లు కూడా లేదు. వారం తర్వాత ఇంకొకటి. ఉగాది తెల్లారి మరొకటి.

చచ్చిన చేప తేలుతుంది. ఎనిమిదేళ్లుగా అతను చూస్తున్నది అదే. తేలని చావు అతనికి తెలియదు. మనిషి ఆలోచన అలవాటైన దారినే పోతుంది. ఆ పరిసరాల్లో చెరువులో చేప చచ్చినా, బర్రెకు కడుపు పోయినా, పైరు ఎర్రబారినా ముందు నీళ్ల వైపే చూస్తారు. లింగం కూడా నీళ్ల వైపే చూశాడు. చచ్చినదాన్ని ఆనవాలు లేకుండా కరిగించేంత పాడు ఏదో ఈ నీళ్లలో ఉందనుకున్నాడు. ఆ మాట అనుకోగానే బోరు కింద కూర్చుని జుట్టంతా నురగతో, కళ్లు గట్టిగా మూసుకున్న మంజుల గుర్తొచ్చేది. నోరు మాత్రం తెరిచి పాటలు పాడేది ఆ పిల్ల. ఎన్ని గుక్కలు పోయి ఉంటాయో లోపలికి.

కంపెనీ ల్యాబు నుంచి పీహెచ్ కాగితాలు తెచ్చి తొట్టిలో ముంచి చూశాడు. బాగానే ఉంది. డ్రమ్ములో నీళ్లు మూడు రోజులకు బదులు అయిదు రోజులు ఉంచాడు. బొగ్గు మార్చాడు. రెండు రోజులకోసారి పావువంతు నీళ్లు తీసి కొత్తవి పోశాడు. కంపెనీలో మందుల కోసం చేసే శుద్ధమైన నీళ్లు రెండు క్యాన్లు తెచ్చుకుందామా అనుకున్నాడు. అవి బోరు నీళ్లు కావు, పందెం తప్పినట్టే అని మానేశాడు. నియాన్లు ఎనిమిదికి వచ్చాయి.

విశాఖపట్నం ఫోన్ చేశాడు.

"శవాలు కూడా దొరకట్లేదా?" అన్నాడు బాపిరాజు. "మరి ఏంజెల్స్?"

"అయి మంచిగున్నయి సార్. నా అరచెయ్యంత అయినయి. మస్తుగ తింటున్నయి."

"అయితే చిన్నవి తట్టుకోలేకపోతున్నాయన్నమాట. మీ ఊరి నీళ్లేనయ్యా. ఇంకేముంటుంది చెప్పు?"

పుట్టినప్పటి నుంచి చేపల మధ్య పెరిగిన మనిషికి కూడా ఆ మాటే తోచింది. లింగం ఇక ఎవరినీ అడగలేదు.

ఆదివారాలు మాత్రం ఆగవు.

"నాయినా, పద్నాలుగున్నయా?"

మొదటిసారి అబద్ధం ఆడి వెంటనే ఫోన్ పెట్టేశాడు. రెండోసారికి దగ్గు వచ్చినట్టు చేశాడు. తర్వాత మామూలుగానే వచ్చేసింది. "ఉన్నయి బిడ్డా, పద్నాలుగున్నయి."

మే నెల ఆఖరులో యాదమ్మే మాట్లాడింది. "వచ్చే ఐతారం పది గంటల బస్సుకు వస్తున్నం. బడి పన్నెండు తారీకు తెరుస్తరట. చూసుకుందాం." గొంతులో ఏదో మారింది. అదేమిటో అతనికి అంతుపట్టలేదు.

అప్పటికి నియాన్లు అయిదు.

శనివారం పొద్దున లింగం బస్సెక్కి హైదరాబాదు పోయి, బాపిరాజు చెప్పే చేపల దుకాణం వెతుక్కున్నాడు. "నియాన్లు ఏడు కావాలె. జెర పెద్దగున్నయి చూసి ఇవ్వుండ్రి. ఆర్నెల్ల పాతయి."

దుకాణం అతను వింతగా చూశాడు. "కొత్తవి తాజాగున్నయా అని అడుగుతరు భాయ్. పాతయి అడిగెటోన్ని నిన్నే చూస్తున్న."

నీళ్లూ గాలీ నింపిన ప్లాస్టిక్ సంచిని ఒళ్లో పెట్టుకుని, బస్సు గుంతల్లో దిగినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. సాయంత్రం తొట్టిలో వదిలాడు. పాతవాటి పక్కన కొత్తవి చిన్నగా, పలచగా కనిపించాయి. పన్నెండు అయ్యాయి, అంతే కావాలి. వల కడిగి గోడకు వేలాడదీస్తుంటే, తను ఏ పని చేసి వచ్చాడో చేతులకు తెలిసింది. ఈ పని ఈ చేతులకు బాగా వచ్చు. రాత్రి డ్యూటీకి పోయాడు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఇంటికి వచ్చాడు. కరెంటు లేదు. కిటికీలోంచి అప్పుడప్పుడే వస్తున్న వెలుతురు తొట్టిలో సగం దాకా పడుతోంది. మామూలుగా ఈ వేళకు మొదటి షిఫ్టులో అయితే ప్లాంటులో ఉంటాడు, లేకపోతే పడుకుని ఉంటాడు. ఈ రోజు పడుకోబుద్ధి కాలేదు. తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

నియాన్లు ఇంకా తేరుకోలేదు. రంగు వెలిసిపోయి, నాచు మొక్క పక్కన గుంపుగా కదలకుండా ఉన్నాయి. పెద్ద ఏంజెల్ చేప తల కొంచెం కిందికి వంచి, రెక్కలు దగ్గరికి తీసుకుని, నెమ్మదిగా వాటి వైపు జరిగింది. తరుముతున్నట్టు కూడా లేదు. ఆగింది. నోరు ఒక్కసారి గొట్టంలా ముందుకు సాగింది. మరుక్షణం దాని పెదవుల మధ్య చిన్న తోక ఒకటి అటూ ఇటూ కొట్టుకుంటోంది. రెండు గుటకలు. తోక లేదు. ఏంజెల్ చేప తిరిగి గాజు దగ్గరికి వచ్చి, లింగం మొహంలోకి చూసి, ఎర్రల కోసం రోజూ ఆడించినట్టే రెక్కలు ఆడించింది.

లింగం కాసేపు అర్థం కానట్టే చూశాడు. తర్వాత నవ్వు వచ్చింది. ఒక్కడే కూర్చుని గట్టిగా నవ్వాడు. నీళ్లు కాదు. మూడు నెలలుగా పీహెచ్ కాగితాలు ముంచి, బొగ్గు మార్చి, నిద్ర పోగొట్టుకున్నది నీళ్ల కోసం. దొంగ తన చేతి వేళ్ల మధ్యనుంచి తిండి తీసుకున్నదే. బిళ్లంత ఉన్నప్పుడు దాని నోట్లో పట్టేవి కావు. తనే పొద్దుమాపూ మేపి, పట్టేంత చేశాడు.

నీళ్లు కాదు. ఈ మాట యాదమ్మకు చెప్పాలి. లేచి నిలబడ్డాడు. అప్పుడు మూలనున్న నీళ్ల డ్రమ్ము కనిపించింది. దాని పక్కన బొగ్గు సంచి. లింగం మళ్లీ కూర్చున్నాడు.

పది గంటల బస్సు పదిన్నరకు వచ్చింది. మంజుల ముందు దూకింది. కండక్టరు వెనక నుంచి రేకు పెట్టె ఒకటి అందించాడు. యాదమ్మ దుప్పట్లు కట్టిన మూట చంకన పెట్టుకుని దిగింది. లింగం పెట్టె వైపు చూశాడు. చూడటానికి వచ్చేవాళ్లు పెట్టె తెచ్చుకోరు.

"ఏం చూస్తున్నవ్? లేపు. బరువున్నది" అంది యాదమ్మ.

దారిలో మంజుల ముందు గెంతుతూ నడిచింది. గౌను కింద దాని మోకాళ్ల వెనక మడతలు నున్నగా, ఎండకు మెరుస్తున్నాయి. లింగం ఇంటి దాకా వాటినే చూస్తూ నడిచాడు.

ఇంట్లోకి రాగానే పిల్ల గాజు దగ్గరికి పరుగెత్తింది. వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. "చిన్నయి పదకొండే ఉన్నయి నాయినా."

యాదమ్మ మూట దించి వచ్చి బిడ్డ వెనక నిలబడింది. ఒక్క క్షణం చూసింది. "మంచిగ లెక్కవెట్టు. పన్నెండే ఉన్నయి. గా గడ్డి సాటుకు ఒకటున్నది, కనవడ్తలేదా?"

"ఏడ?"

"గాడ్నే. ఇప్పుడే జరిగింది."

గడ్డి చాటున ఏమీ లేదు. లింగానికి తెలుసు, యాదమ్మకూ తెలుసు. ఆమె లెక్క చూడటానికి రాలేదు. ఉండటానికి వచ్చింది. తను ఊరుకుంటే చాలు. ఈ రాత్రి ఇంట్లో మూడు కంచాలు పడతాయి.

"లేదు" అన్నాడు లింగం. "పదకొండే. అండ్ల నిన్న కొనుక్కొచ్చినయే ఎక్కువ. మన పాతయి నాలుగో అయిదో."

యాదమ్మ అతని వైపు తిరగలేదు. "నిన్నెవలన్న అడిగిండ్రా?"

"ఫోన్ల అన్నీ అబద్ధాలే చెప్పిన."

"నేనేమన్న అడిగిన్నా అంటున్న. పన్నెండున్నయన్న కదా. మల్లెందుకు తవ్వుతవ్? ఆడ నా సంగతి నీకేమెర్క. వదిన పొద్దుగాల లేస్తే..." మిగతాది మింగేసింది.

లింగం పొద్దున తను చూసింది చెప్పాడు. మంజుల నోరు తెరుచుకుని విన్నది.

"నువ్వు బువ్వ పెట్టలేదా నాయినా వాటికి?"

"పెట్టిన బిడ్డా. కడుపు నిండ పెట్టిన."

"మల్లెందుకు తిన్నయి?"

"పెద్దగయినయి. నోట్ల పట్టేది ముందలికొస్తే తింటయి. వాటికి తెలిసింది అంతే."

యాదమ్మ ఒక్కసారిగా తలెత్తింది. "అయితే నీళ్లది తప్పు లేనట్టే కదా. చేపను చేప తిన్నది. ఆ పెద్దయి రెండు ఆర్నెల్ల సంది గీ నీళ్లల్లనే ఉన్నయి. మంచిగనే ఉన్నయి. ఇంక ఏంది?"

జనవరి నుంచి ఆమె నోట వినాలనుకున్న మాట అదే. పొద్దున ఆరున్నరకు తను గట్టిగా నవ్వింది కూడా ఆ మాటకే. లింగం డ్రమ్ము వైపు చెయ్యి చూపించాడు.

"చేపలకు నేను నీళ్లు అయిదొద్దులు ఆ డ్రమ్ముల నిలవెట్టిన. బొగ్గుల వడగట్టి పోసిన. గాలి పెట్టిన. బిడ్డకేమో బోరు ఇప్పి సీదా నెత్తి మీద పోసినం. ఇవి బతికినంత మాత్రాన ఏం ఎర్కైతది యాదమ్మా. నేను పొద్దుందాక చేసేటిది గదే పని కదా. చేపలను చూపెట్టి నీళ్లు మంచియని చెప్పుడు."

కరెంటు ఇంకా రాలేదు, తొట్టి మోటారు ఆగే ఉంది. యాదమ్మ పెట్టె మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు గూడ రారాదా మాతోని?" అంది.

"వచ్చి? మీ అన్న పొలంల పాలేరుంటనా?"

"అట్లంటే ఎట్ల."

"సూస్త. సంగారెడ్డి దిక్కు ఏదన్న దొరుకుతదేమో అడుగుత. దొరికేదాంక ఆడ్నే రాయించు."

యాదమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ట్యాంకర్ నీళ్లతో బియ్యం కడిగి పెట్టింది. అన్నం, వంకాయ కూర. లింగం చాలా నెలల తర్వాత వేడివేడిగా తిన్నాడు. రుచి తెలియలేదు. మంజుల పట్టుబట్టడంతో మిగిలిన చిన్న చేపలన్నిటినీ వలతో పట్టి, ప్లాస్టిక్ బకెట్లోకి మార్చి, గాలి గొట్టం అందులో వేశారు. పిల్ల బకెట్ మీద వంగి, "ఇగ భయం లేదు" అని వాటికి చెప్పింది. ఏంజెల్ చేపలు రెండూ ఖాళీ అయిన తొట్టిలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాయి.

నాలుగు గంటల బస్సుకు లింగం పెట్టెను మళ్లీ భుజానికెత్తుకున్నాడు. వచ్చినప్పటికంటే తేలిగ్గా ఏమీ లేదు. బస్సు కదిలేముందు యాదమ్మ కిటికీలోంచి, "ఐతారం ఫోన్ చేస్తవా?" అని అడిగింది.

"చేస్త."

"ఇగ నిజం చెప్పు."

జూన్ పన్నెండున లింగం వీక్లీ ఆఫ్ మార్చుకుని అత్తగారి ఊరు పోయాడు. బడి రెండు గదులు, ముందు వేపచెట్టు. హెడ్‌మాస్టరు రిజిస్టరు తెరిచి, పేరు, పుట్టిన తేదీ రాసుకున్నాడు.

"తండ్రి ఏం చేస్తడు?"

"కంపెనీల నీళ్ల ప్లాంటు ఆపరేటర్ సార్."

"ఏడ?"

"గడ్డపోతారం."

హెడ్‌మాస్టరు కలం ఆపి అతని వైపు చూశాడు. "మరి బిడ్డను ఇక్కడ వేస్తున్నవేంది? మీ దిక్కు బడులు లేవా?"

"ఉన్నయి సార్" అన్నాడు లింగం.

లింగం ఇంకేమైనా చెబుతాడేమోనని చూసి, హెడ్‌మాస్టరు రిజిస్టరు అతని వైపు తిప్పాడు. లింగం సంతకం చేశాడు. మంజుల అప్పటికే పలక పట్టుకుని రెండో వరుసలో, ఎవరో ఒక పిల్ల పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఏదో అడిగితే తన మోచెయ్యి చాపి లోపలివైపు చూపిస్తోంది. అక్కడ ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

బయట యాదమ్మ నిలబడి ఉంది. ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. బస్సు వచ్చేదాకా యాదమ్మ పక్కనే ఉంది.